భయపడని వీధి

"కర్టెన్లు అన్న మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినబడకూడదు" అన్నాడు బెరెంద్, ఆ పొద్దుటికి నాలుగోసారి. వినబడకూడని మాటని ప్రతిసారీ తనే అనవలసి రావడం అతని కోపాన్ని ఇంకాస్త పెంచింది.

"సరే, అనను. కిటికీకి అడ్డంగా ఒక గుడ్డ వేలాడదీద్దాం" అంది ఫెమ్మి, రొట్టె మీద చీజ్ పలక సర్దుతూ.

"గుడ్డైనా ఒకటే, కర్టెనైనా ఒకటే."

"ఐదు" అని లెక్కపెట్టింది నీంకే. పదిహేడేళ్ళ ఆ పిల్ల మూడు రోజులుగా అమ్మానాన్నల తగవుకి మార్కులు వేసే పనిలో ఉంది.

తగవుకి కారణం చిన్నదే. బెరెంద్ తల్లి, ఎనభై మూడేళ్ళ డైకెమా టీచరమ్మ, గురువారం ఆసుపత్రి నుంచి రాబోతోంది. తుంటి ఎముక మార్చారు. ఆరు వారాలు మెట్లెక్కకూడదు. ఆపింగెడమ్‌ అనే ఈ డచ్చి ఊళ్ళో ఇళ్ళ మెట్లు మెట్లలా ఉండవు, గోడకి ఆనించిన నిచ్చెనలా ఉంటాయి. అందుకని మంచం కింది అంతస్తులోనే, వీధివైపు గదిలో వెయ్యాలి. కింద ఒక మరుగుదొడ్డి ఉన్నమాట నిజమే గానీ, అందులో గోడకి పుట్టినరోజుల కేలండరు తగిలించాక మనిషి పట్టడమే గొప్ప, వాకర్ పట్టదు. కాబట్టి మంచం పక్కన ఒక కమోడ్ కుర్చీ కూడా పెట్టాలి. ఆ గదికి వీధివైపు ఉన్నది గోడ కాదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా కిటికీ.

హారింగ్ వీధిలో ఏ కిటికీకీ కర్టెన్లు వెయ్యరు. ఉన్న ఇళ్ళలో కూడా అవి రెండు పక్కలా ఇస్త్రీ మడతలతో నిలబడటానికే తప్ప దగ్గరికి రావడానికి కాదు. దాచుకునేది ఏమీ లేని మనిషికి కర్టెనుతో పనేమిటన్నది తాతల నాటి సిద్ధాంతం. కిటికీ గట్టు మీద రెండు పూలకుండీలు, రెండూ ఒకే రంగు, ఒకే ఎత్తు. వాటి వెనక ఒక దీపం. దీపం కింద ఒక కుటుంబం. దారిన పోయేవాడు తల తిప్పితే అన్నీ కనబడతాయి. అయితే తల తిప్పడం అమర్యాద. కిటికీ తెరిచి ఉంచడం మర్యాద, లోపలికి చూడకపోవడం అంతకన్నా మర్యాద, చూసినదాన్ని ఆ ఇంటివాళ్ళకి తప్ప మిగతా వీధికంతా చెప్పడం అన్నిటికన్నా పెద్ద మర్యాద. ఈ సూత్రాల మీద వీధి మూడు తరాలుగా ప్రశాంతంగా ఉంది.

వీధి మొదట్లో ఒక నీలం బోర్డు కూడా ఉంది. 'ఈ వీధివారు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు' అని. ఫోనులో నడిచే వీధి కాపలా గ్రూపు తాలూకు బోర్డు అది. దొంగల కోసం పెట్టారు. తొమ్మిదేళ్ళలో దొంగ ఒక్కడూ రాలేదు. ఒక సైకిలు పోయింది గానీ, దాన్ని దాని యజమానే లైబ్రరీ ముందు మరిచిపోయి నడిచొచ్చాడని తర్వాత తేలింది. దొంగలు రాకపోవడం వల్ల కాపలా ఆపడం భావ్యం కాదు గనక వీధివారు ఉన్నవాళ్ళనే కాస్తూ వచ్చారు. ఆ గ్రూపుకి నిర్వాహకుడు బెరెంద్. బోర్డు మీద వాక్యం కూడా అతను రాసిందే.

"నా ఇంటికే అడ్డం కట్టుకుంటే రేపు నేను ఎవరికి ఏం చెప్పగలను?" అన్నాడు.

"ఏమీ చెప్పకు. మీ అమ్మ ఆ కుర్చీ మీద కూర్చుని ఉండగా ఎదురింటి రూల్ఫీన్ చెయ్యి ఊపితే, అప్పుడు మీ అమ్మే చెబుతుంది."

బెరెంద్ దగ్గర దీనికొక ఉపాయం ఉంది. పూలకొట్టు నుంచి మూడు పెద్ద రబ్బరు మొక్కలు తెచ్చి కిటికీలో వరసగా పెట్టాడు. ఫెమ్మి అతన్ని వాటి వెనక ఒక కుర్చీలో కూర్చోబెట్టి, కోటు వేసుకుని వీధిలోకి వెళ్ళి, అవతలి కాలిబాట మీద నిలబడి చూసి, తిరిగి వచ్చింది.

"నీ మోకాళ్ళు కనబడుతున్నాయి. మొహం కూడా కనబడుతోంది. ఎవరో అడవిలో దాక్కున్నట్టున్నావు."

ఈలోగా ఎదురింటి కిటికీలోంచి రూల్ఫీన్ అతనికి నిజంగానే చెయ్యి ఊపింది. మర్యాదస్తుడు గనక ఆకుల మధ్య నుంచి అతనూ ఊపాడు.

అసలు చిక్కంతా టీచరమ్మ పెట్టిన షరతుతో వచ్చింది. ఆవిడ ఈ వీధి చివరి బడిలో ముప్ఫై నాలుగేళ్ళు హెడ్‌మిస్ట్రెస్. వీధిలో సగంమందికి చేతులు కడుక్కోవడం, వరసలో నిలబడటం, అడిగినప్పుడే మాట్లాడటం నేర్పింది ఆవిడే. ఆసుపత్రి మంచం మీద కోడలి మణికట్టు పట్టుకుని, "ఫెమ్మీ, నేను ఆ కుర్చీ మీద ఉండగా ఆ వెధవల్లో ఒక్కడు చూసినా, ఒక్కడికి తెలిసినా, నేను బతకను. మాటివ్వు" అంది. ఇరవై రెండేళ్ళలో అత్తగారు తనని అడిగిన మొదటి సాయం అది. అంతకు ముందన్నీ ఆజ్ఞలే. ఫెమ్మి మాటిచ్చింది. అధికారికంగా టీచరమ్మ దీవిలో ఉన్న చెల్లెలింటికి సముద్రపు గాలి కోసం వెళ్ళింది. వీధి చివర ఆవిడ ఇల్లు తాళం వేసి ఉంది.

ఒక వారం ముందైతే బెరెంద్ కర్టెన్లకి ఒప్పుకునేవాడేమో. మధ్యలో ఆ సినిమా వచ్చింది.

వీధి సాంస్కృతిక సంఘం ఏటా నవంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం సామాజిక భవనంలో ఒక సినిమా వేస్తుంది. పోయిన సంవత్సరం పెంగ్విన్ల గురించి వేశారు, అందరికీ నచ్చింది. ఈసారి సంఘం అధ్యక్షుడు వుబ్బో స్మిత్, కాలవగట్ల శాఖలో కొలతలు తీసే యాభై ఎనిమిదేళ్ళ బాధ్యత గల మనిషి, సినిమాల జాబితాలో 'ఇరుగుపొరుగు సంబంధాలను దగ్గరగా పరిశీలించే చిత్రం' అన్న ఒక వాక్యం చూసి ముచ్చటపడి తెప్పించాడు. పేరు 'లోపలి గొళ్ళెం'. ఒక ఆడమనిషి, ఒక గది, మూసిన కర్టెన్లు, తొంభై నిమిషాలు. గోడ అవతల ఏదో టక్కు టక్కుమంటుంది. ఇరుగుపొరుగు అంతా కలిసి తన మీద ఏదో పన్నుతున్నారని ఆమె అనుమానం. గది రోజురోజుకీ ఇరుకవుతుంది. చివర్లో ఎవరో తలుపు కొడతారు. ఆమె తియ్యదు. కొట్టింది ఎవరో, వాళ్ళ చేతుల్లో ఏముందో చూపించకుండానే సినిమా అయిపోతుంది.

నలభై ఐదో నిమిషంలో, ఆమె కర్టెను అంచు పట్టుకున్న క్షణంలో, రివాజు ప్రకారం దీపాలు వేసి విశ్రాంతి ఇచ్చారు. మనిషికొక కాఫీ, ఒక బిస్కెట్టు. బిస్కెట్ల డబ్బా మూత వెంటనే పెట్టేశారు. ఆ పది నిమిషాలూ ప్రేక్షకులు కర్టెను గుడ్డ గురించి చర్చించారు. అంత ముదురు రంగు వేస్తే గదికి గాలి ఆడనట్టు ఉండదా మరి, అని అందరూ ఒప్పుకున్నారు.

సినిమా అయ్యాక వుబ్బో అభిప్రాయ పత్రాలు పంచాడు. పదికి ఎన్ని మార్కులు, ఏది బాగుంది, ఏది మెరుగుపరచవచ్చు, భయం వేసిందా. నలభై ఒక్క పత్రాలు తిరిగి వచ్చాయి. సగటున ఆరున్నర మార్కులు. చీకటి ఎక్కువైందని, ఇల్లు సరిగా కనబడలేదని పలువురు ఫిర్యాదు చేశారు. ఆమె కిటికీ గట్టు మీద ఒక్క పూలకుండీ లేదని, మొదటి దృశ్యంలోనే తనకి అనుమానం వచ్చిందని రూల్ఫీన్ రాసింది. తొంభై నిమిషాల్లో ఆ మనిషి నేల ఒక్కసారి కూడా తుడవలేదని మరొకావిడ గమనించింది. పక్కింటి హార్మ్, బస్సు నడుపుతాడు, ఎక్కువ మాట్లాడడు, 'గోడ పలచన. నిర్మాణ లోపం' అని రాశాడు. పొరుగువాళ్ళ తప్పు ఏమీ లేదని, చివర్లో తలుపు కొట్టింది వాళ్ళేనని, చేతుల్లో సూపు గిన్నె ఉండి ఉంటుందని చర్చలో ఏకగ్రీవంగా తీర్మానించారు. ఏ సూపు అన్నదాని మీద కాసేపు భేదాభిప్రాయం వచ్చింది. బఠాణీ సూపు అన్నవాళ్ళు నెగ్గారు.

భయం వేసిందా అన్న ప్రశ్నకి నలభై మంది 'లేదు' అని రాశారు. ఒక్కరు మాత్రం 'ఇంకా లేదు' అని రాశారు.

పత్రాల మీద పేర్లు రాయనక్కరలేదు కాబట్టి అదెవరో తెలుసుకోవడానికి వుబ్బో రెండు రోజుల పాటు చేతిరాతలు పోల్చి చూశాడు. తేలలేదు. భయపడని నలభై మందీ ఆ సాయంత్రం ఇళ్ళకి రోడ్డు మధ్యలో గుంపుగా నడిచి వెళ్ళారు. పెరటి గొళ్ళేలు వేసుకున్నారు. హార్మ్ ఒక కొత్త గొళ్ళెం కూడా బిగించుకున్నాడు. నిర్మాణ లోపాన్ని దృష్టిలో పెట్టుకుని మాత్రమే.

ఇటువంటి వారంలో ఫెమ్మి కర్టెన్లు అడిగింది.

బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రి ఇనప మంచం వచ్చింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, వ్యాను మీద. దాంతోపాటు అట్టపెట్టెలో మరొకటి. ఆ అట్టపెట్టెని బెరెంద్ గబగబా లోపలికి లాక్కున్నాడు. దాన్ని విప్పి, అందులోని కుర్చీని కిటికీ పక్కన పెట్టాడు. కాసేపు నిలబడి చూశాడు. వీధివైపు చూశాడు. మళ్ళీ దానివైపు చూశాడు. తర్వాత నిచ్చెన తెచ్చుకున్నాడు. ఏడు గంటలకల్లా బెరెంద్ వాళ్ళ తొమ్మిదో నంబరు ఇంటికి కర్టెన్లు పడ్డాయి. లేత గోధుమరంగు, మందపాటివి. గురువారం పొద్దున్నే వెనకసందులోంచి, పెరటి తలుపులో నుంచి టీచరమ్మని లోపలికి తీసుకొచ్చారు.

గ్రూపులో మొదటి సందేశం బుధవారమే, ఏడూ నాలుగుకే వచ్చింది. 'తొమ్మిదిలో కర్టెన్లు పడ్డాయి. ఎవరైనా పోయారా?'

'పోతే చావు కబురు కార్డు వచ్చేది.'

'కార్డు రాలేదు కాబట్టి పోలేదు. అయితే ఎందుకు?'

'నేను ఏమీ అనడం లేదు. సినిమాలో కూడా మొదలు కర్టెన్లతోనే.'

నిర్వాహకుడిగా సమాధానం చెప్పవలసిన బాధ్యత బెరెంద్ మీద పడింది. అరగంట ఆలోచించి, మూడుసార్లు చెరిపి, 'పరిస్థితి అదుపులోనే ఉంది' అని రాశాడు. ఆ ఒక్క వాక్యంతో హారింగ్ వీధిలో ఎవరికీ నిద్ర లేకుండా చేశాడు.

"పరిస్థితి ఏమిటి నాన్నా?" అంది నీంకే. "వాళ్ళకి ఇందాకటిదాకా పరిస్థితి ఉందని తెలియదుగా."

"మరేం రాయను?"

"పెళ్ళాం అడిగింది, కొన్నాను అని రాయాల్సింది" అంది ఫెమ్మి.

"అది ఇంకా అనుమానంగా ఉంటుంది."

శుక్రవారం నుంచి టక్కు టక్కుమని వాకర్ చప్పుడు మొదలైంది. డాక్టరు పూటకి రెండుసార్లు నడవమన్నాడు. టీచరమ్మ చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. హార్మ్ గోడకి అవతల కూర్చుని చప్పుళ్ళు లెక్కపెట్టి గ్రూపులో పెట్టాడు. పొద్దున పద్నాలుగు, సాయంత్రం పదహారు. శనివారం అతను, జీవితంలో ఎప్పుడూ లేనంత పొడుగు సందేశం రాశాడు. 'ఆడగొంతు. పెద్దగా. అయిపోయింది, ఇంక నన్ను లేపండి అని అరిచింది. రెండుసార్లు.' అది ఆ కుర్చీ మీద నుంచి వచ్చిన సహజమైన విజ్ఞప్తి. వీధికి మాత్రం అది వేరేలా వినబడింది.

ఆ తర్వాత రూల్ఫీన్ ఒక కప్పు పిండి కోసం వచ్చింది. మర్నాడు పిండి తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఆ మర్నాడు తిరిగి ఇచ్చిన పిండి ఎక్కువైందేమోనని కనుక్కోవడానికి వచ్చింది. ఫెమ్మి మూడుసార్లూ ఆమెని వెనకవైపు వంటింట్లోనే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక బిస్కెట్టు ఇచ్చి, డబ్బా మూత పెట్టింది. ముందుగదికీ వెనకగదికీ మధ్య ఉన్న జరుపుడు తలుపులు మూసే ఉన్నాయి.

"అవతల ఏముందో?" అంది రూల్ఫీన్, కప్పులోకి చూస్తూ.

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి కర్టెన్లెందుకమ్మా?"

"చూసేవాళ్ళు ఉన్నారుగా."

ఈ మాట సాయంత్రానికి గ్రూపులో ఉంది. 'తనని ఎవరో చూస్తున్నారని ఫెమ్మి అంటోంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఎవరూ చూడటం లేదు.'

అక్కణ్ణించి అన్నీ వరసగా జరిగిపోయాయి. చర్చి పాటల బృందంలో ఫెమ్మికి అటూఇటూ నిలబడే ఇద్దరూ చెరో జానెడు జరిగారు. ఎవరూ ఏమీ అనలేదు, చిరునవ్వులు కూడా మామూలుకంటే ఎక్కువగానే ఉన్నాయి. 'ఇంకా లేదు' అని రాసింది ఆమేనని తేల్చారు. పంచదార డబ్బా మూత మరిచిపోయిందని, నిరుడు ఒకసారి పాటలో రెండో చరణం ముందు పాడిందని, పాత ఆధారాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు పట్టించుకోలేదా అని వీధి తనని తాను మందలించుకుంది.

మంగళవారం సెయింట్ మార్టిన్ పండగ. చీకటి పడే వేళకి పిల్లలు కాగితపు లాంతర్లు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ వస్తారు. ఫెమ్మి ఎప్పటిలాగే ఒక గంపెడు కమలాలు, చాక్లెట్లు గుమ్మం దగ్గర పెట్టుకుంది. పిల్లలు ఏడో నంబరు దగ్గర పాడారు. పదకొండో నంబరు దగ్గర పాడారు. మధ్యలో ఆ లాంతర్లు రోడ్డు దాటి అవతలి కాలిబాట మీదుగా వెళ్ళాయి, వాళ్ళ అమ్మలు వెనక నుంచి భుజాలు పట్టుకుని నడిపిస్తుండగా.

ఫెమ్మి గుమ్మంలో కాసేపు నిలబడింది. తర్వాత గంప లోపలికి తెచ్చి, ముందుగదిలో మంచం పక్కన పెట్టి, ఒక కమలాపండు ఒలిచి అత్తగారికి ఇచ్చింది.

"ఇవాళ పిల్లలు రాలేదేం?" అంది టీచరమ్మ.

"చలి కదా అత్తయ్యా."

"చలికి ఆగే పిల్లల్ని నేను తయారు చెయ్యలేదే" అంది ఆవిడ. తొన నోట్లో వేసుకుని కోడలి మొహం వైపు చాలాసేపు చూసింది.

గురువారం సామాజిక భవనంలో అత్యవసర సమావేశం జరిగింది. దానికి నిర్వాహకుణ్ణి పిలవలేదు. తొమ్మిదో నంబరు ఇంట్లో ఒక మనిషిని బంధించి ఉంచారని కొందరు, ఆ మనిషి ఫెమ్మే అయి ఉండవచ్చని, ఒకే గొంతుతో రెండు రకాలుగా మాట్లాడుతోందని మరికొందరు వాదించారు. దీవికి ఫోను చేస్తే టీచరమ్మ చెల్లెలు, 'అక్క పడుకుంది' అని తడబడుతూ చెప్పి పెట్టేసిందన్న వార్తతో సభలో చలనం కలిగింది. ముందుగా చెప్పకుండా తనిఖీ చెయ్యడమే మార్గమని తీర్మానించి, ముగ్గురితో ఒక సంఘం వేశారు. ఆ రాత్రే వుబ్బో బెరెంద్‌కి సందేశం పంపాడు. 'శనివారం పదిన్నర నుంచి పదకొండుంబావు వరకు మీకు వీలవుతుందా? ముందుగా చెప్పకుండా తనిఖీకి వద్దామనుకుంటున్నాం.' బెరెంద్ కేలండరు చూసి, పదిన్నర కుదరదని, పదీ ముప్పావు అయితే బాగుంటుందని రాశాడు.

శనివారం సరిగ్గా పదీ ముప్పావుకి తలుపు చప్పుడైంది. ఫెమ్మి గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. సామాజిక భవనంలో తొంభై నిమిషాలు కూర్చున్నప్పుడు ఆమెకి నిజంగానే భయం వెయ్యలేదు, నిద్రొచ్చింది కూడా. ఇప్పుడు మాత్రం చెక్క అవతల ముగ్గురు ఊపిరి పీల్చుకోవడం వినబడుతోంది. వాళ్ళు ఇరవై రెండేళ్ళుగా తెలిసినవాళ్ళు. అయినా తలుపు తీసింది.

వుబ్బో, రూల్ఫీన్, హార్మ్ బూట్లు తుడుచుకుని, నడవలోంచి వెనకగదిలోకి వచ్చి వరసగా కూర్చున్నారు. నీంకే కాఫీ ఇచ్చింది. మనిషికొక బిస్కెట్టు. మూత. వుబ్బో గొంతు సవరించుకుని, జేబులో చేతులు పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మిత్రులారా, పొరుగువారలారా! మేము నిందలు వెయ్యడానికి రాలేదు. నింద అనే మాటే మన వీధి నిఘంటువులో లేదు. ఒక గొప్ప చిత్రం మన కళ్ళు తెరిపించింది. పక్కింట్లో ఒక ఆడకూతురు మనసు చెదిరి కుమిలిపోతూ ఉంటే చూడనట్టు ఊరుకునే వీధి కాదు మనది. అందుకని, ప్రేమతో, కేవలం ప్రేమతో, కొన్ని ప్రశ్నలు తయారు చేశాం. మొదటిది. ఫెమ్మీ, నిన్ను ఎవరైనా గమనిస్తున్నారని నీకు అనిపిస్తోందా?"

"ఇప్పుడు ముగ్గురు గమనిస్తున్నారు."

"అవునంది. రాసుకో రూల్ఫీన్."

రూల్ఫీన్ రాసుకుంది.

"నీ గురించి నలుగురూ చేరి మాట్లాడుకుంటున్నారని అనిపిస్తోందా?"

"గురువారం సాయంత్రం ఏడున్నరకి, సామాజిక భవనంలో."

"టైముతో సహా చెబుతోంది" అన్నాడు హార్మ్ జాలిగా. "ముదిరింది."

వుబ్బో నిట్టూర్చి తీర్మానాలు వినిపించాడు. ఫెమ్మి డాక్టరుకి చూపించుకోవాలి. నయమయ్యేదాకా పాటల బృందంలోకి రానక్కరలేదు. ఇంటి తాళంచెవి ఒకటి సంఘం దగ్గర ఉండాలి. "ఇంకొక్క మాట. డైకెమా టీచర్ ఎక్కడున్నారో ఎవరికీ సరిగా తెలియడం లేదు. ఫోనెత్తరు. ఇల్లు తాళం. ఇక్కడ మంచం దిగింది, ఆడగొంతు వినబడింది. ఫెమ్మీ, మీ అత్తగారికి, నీకు మధ్య సఖ్యత ఎలా ఉండేది?"

బెరెంద్ నోరు తెరిచాడు. ఫెమ్మి బల్ల కింద అతని కాలు తొక్కింది. ఒక్క మాట చెబితే అయిపోతుంది. 'ఆవిడ ఆ తలుపు అవతల ఉంది, ఆ కుర్చీ మీద ఉంది' అంటే చాలు. పాటల బృందం, లాంతర్ల పిల్లలు, వీధిలో ఇరవై రెండేళ్ళుగా సంపాదించుకున్న మంచి పేరు, అన్నీ ఆ ఒక్క మాటతో తిరిగొస్తాయి. ఫెమ్మి కాఫీ కప్పుని పళ్ళెంలో సరిగ్గా మధ్యకి జరిపింది.

"బాగానే ఉండేది" అంది.

"ఉండేది" అని నెమ్మదిగా అంది రూల్ఫీన్, రాసుకుంటూ.

"వుబ్బో స్మిత్!"

జరుపుడు తలుపుల అవతల నుంచి వచ్చిన ఆ గొంతుకి వుబ్బో చేతులు వాటంతటవే, ప్రశ్నల కాగితంతో సహా, జేబుల్లోంచి బయటికి వచ్చాయి. హార్మ్ లేచి నిలబడ్డాడు. రూల్ఫీన్ పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నిన్ను ఎవడ్రా మాట్లాడమంది?"

తలుపు టక్కున జరిగింది. నెరిసిన జుట్టు జడగా వేలాడుతూ, రాత్రిగౌను మీద కోటు తొడుక్కుని, వాకర్ పట్టుకుని డైకెమా టీచరమ్మ నిలబడి ఉంది. ఆవిడ కాస్త పక్కకి జరిగింది. వెనక మంచం కనబడింది. మంచం పక్కన ఆ కుర్చీ కనబడింది. ఆవిడ కావాలనే పక్కకి జరిగిందని ఫెమ్మికి ఒక్కదానికే అర్థమైంది.

"అత్తయ్యా, మీరెందుకు..."

"నువ్వాగు. ఇరవై నిమిషాల నుంచి ఆగుతూనే ఉన్నావు, ఇంకొక్క నిమిషం ఆగు. వుబ్బో, అటు చూడు. చూడరా, సిగ్గుపడకు, బడిలో నీ మొదటి రోజున నీ నిక్కరు నేను మార్చాను. అది కమోడ్ కుర్చీ. దాని మీద కూర్చునేది నేను. నన్ను లేపండి అని అరిచిందీ నేనే. ఎవరికీ చెప్పొద్దని ఈ పిల్ల దగ్గర మాట తీసుకున్నాను. మీరు దాన్ని పిచ్చిదంటుంటే కూడా నోరు విప్పలేదు. రాసుకున్నావా రూల్ఫీన్? పెద్దక్షరాలతో రాయి."

రూల్ఫీన్ రాయలేదు.

"ఆ సినిమా కథ నీంకే నాకు చెప్పింది. చివర్లో తలుపు కొట్టింది ఎవరన్నారు?"

"పొరుగువాళ్ళు, టీచర్" అన్నాడు వుబ్బో.

"వాళ్ళ చేతుల్లో ఏముందన్నారు?"

"సూపు, టీచర్."

"మీ చేతుల్లో ఏముందో చూపించండి."

ముగ్గురూ అలవాటు కొద్దీ చేతులు చాచారు. వుబ్బో చేతిలో ప్రశ్నల కాగితం, రూల్ఫీన్ చేతిలో నోటుపుస్తకం, హార్మ్ చేతిలో టార్చిలైటు ఉన్నాయి. టీచరమ్మ ఒక్కొక్క చేతినీ, గోళ్ళు చూసే మనిషిలా, తీరిగ్గా చూసింది.

"వెళ్ళండి" అంది. "వరసలో."

వరసలోనే వెళ్ళారు.

పన్నెండున్నరకి గ్రూపులో సందేశం వచ్చింది. 'తొమ్మిదిలో విషయం ఏమీ లేదట. ముసలావిడ తుంటి.' వీధి ఊపిరి పీల్చుకుంది. కొంచెం నిరుత్సాహపడింది కూడా. పది రోజులు ఇంత కష్టపడితే చివరికి ఏమీ లేకపోవడం ఏమిటని ఒకరు బాధపడ్డారు. ఈ పాటి దానికి మొదటే చెప్పి ఉంటే సరిపోయేదని, ఇరుగుపొరుగు దగ్గర దాపరికాలు మంచివి కావని, ఫెమ్మిని క్షమించవచ్చునని అభిప్రాయాలు వచ్చాయి. అందులో తప్పంతా గోడదేనని హార్మ్ నొక్కి చెప్పాడు. కొందరు తమ అభిప్రాయ పత్రాలు వెనక్కి తీసుకుని సినిమాకి ఎనిమిది మార్కులు వేశారు. అటువంటి మనుషులు లోకంలో ఉంటారని ఇప్పుడు నమ్మకం కుదిరిందని, ఆ చివర్లో తలుపు కొట్టినవాళ్ళ మీద జాలి కలిగిందని రాశారు.

సాయంత్రానికి ఏడు గిన్నెల బఠాణీ సూపు వచ్చింది. తెచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో నుంచి మెడ చాచి, జరుపుడు తలుపుల వైపు చూసి, తాము చూడటం లేదని చెప్పి వెళ్ళారు. పాటల బృందం నుంచి ఒక కార్డు వచ్చింది. ఫెమ్మి దాన్ని చదివి, కిటికీ గట్టు మీద పెట్టబోయి, కర్టెన్లు ఉన్న సంగతి గుర్తొచ్చి బల్ల మీద పెట్టింది.

ఆరు గంటలకి నలుగురూ ముందుగదిలో, మంచం చుట్టూ కుర్చీలు లాక్కుని సూపు తింటున్నారు. రెండో గిన్నె రూల్ఫీన్‌ది, ఉప్పు ఎక్కువైంది. బెరెంద్ గ్రూపు నిర్వహణ వదిలేశానని, ఆ పదవి వుబ్బో తీసుకున్నాడని ఎవరికేసీ చూడకుండా చెప్పాడు. "తొమ్మిదేళ్ళకి" అని నీంకే మార్కులు వేసింది. ఫెమ్మి నవ్వలేదు గానీ అతని గిన్నెలో ఇంకో గరిటె సూపు పోసింది.

టీచరమ్మ చెంచా కింద పెట్టి, నోరు తుడుచుకుంది.

"బెరెంద్, రేపు పొద్దున ఆ కర్టెన్లు విప్పెయ్యి."



"మరి ఆ కుర్చీ, అత్తయ్యా?" అంది ఫెమ్మి.

"దాని చోట అది ఉంటుంది. పొద్దున ఏడుంబావుకి ఒకసారి, సాయంత్రం ఐదుకి ఒకసారి. నా వేళలు నీకు తెలుసుగా."

"అమ్మా, వీధంతా చూస్తుంది!"

"ఎందుకు చూస్తుంది? ఇంకొకళ్ళ ఇంట్లోకి చూసే అలవాటు మన వీధిలో ఎవరికీ లేదుగా. నువ్వే బోర్డు పెట్టావు."

"నిజంగానే చూస్తే నానమ్మా?" అంది నీంకే.

టీచరమ్మ చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"చూడలేకపోతే," అంది, "కర్టెన్లు వాళ్ళే కొనుక్కుంటారు."